న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్

తీర్పు చెప్పేవాడి కష్టం బయటివారికి కనబడదు. ఇద్దరు తగవుపడి పెద్దమనిషి దగ్గరకు వస్తే, ఆయన ఎవరో ఒకరి పక్షాన మాట చెప్పక తప్పదు. ఓడినవాడికి కోపం వస్తుంది. అది సహజమే. కాని ఊరంతా ఒకవైపు నిలబడి, న్యాయం మాత్రం ఒంటరివాడి వైపున ఉన్నప్పుడు తీర్పు చెప్పడం మరింత కష్టం. ఆ తీర్పువల్ల తనకే నష్టం వాటిల్లుతుందని ముందుగా తెలిసి కూడా చెప్పగలగడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు. 1917లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో ఒక న్యాయమూర్తి ఆ పని చేశాడు. ఆయన పేరు లెర్నెడ్ హ్యాండ్. ఆనాడు ఆయన చెప్పిన తీర్పు నెలలు తిరగకముందే పై కోర్టులో వీగిపోయింది. యాభై రెండేళ్ల తరువాత దాని సారమే ఆ దేశపు న్యాయసూత్రాల్లో చోటు సంపాదించుకొంది. ఆ న్యాయమూర్తి జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకొందాం.

లెర్నెడ్ హ్యాండ్ 1872 జనవరి 27న న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీ నగరంలో జన్మించాడు. ఆయన పూర్తి పేరు బిల్లింగ్స్ లెర్నెడ్ హ్యాండ్. లెర్నెడ్ అనేది ఆయన తల్లి పుట్టింటి ఇంటిపేరు. ఇంగ్లీషులో ఆ మాటకు విద్వాంసుడు అని అర్థం. న్యాయస్థానాల్లో న్యాయవాదులనూ న్యాయమూర్తులనూ గౌరవంగా పేర్కొనేటప్పుడు వాడే మాట కూడా అదే. న్యాయమూర్తి కాబోయే బిడ్డకు ఆ పేరు అమరడం కేవలం కాకతాళీయం. తండ్రి శామ్యూల్ హ్యాండ్ పేరుమోసిన న్యాయవాది. రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానంలో కొద్దికాలం న్యాయమూర్తిగా కూడా ఉన్నాడు. తాతగారు సైతం న్యాయమూర్తే. లెర్నెడ్‌కు పద్నాలుగేళ్ల వయసులో తండ్రి మరణించాడు. ఇంట్లో ఎప్పుడూ ఆ తండ్రి గొప్పతనం గురించే చెప్పుకొనేవారు. తాను అంతటివాడిని కాలేనేమోనన్న బెంగ ఆ పిల్లవాడి మనసులో నాటుకొంది. అది చివరివరకు ఆయనను పూర్తిగా వదలలేదు.

1889లో ఆయన హార్వర్డ్ కళాశాలలో చేరాడు. అక్కడ ఆయనకు తత్త్వశాస్త్రం మీద మక్కువ ఏర్పడింది. విలియం జేమ్స్, జొసయా రాయిస్, జార్జ్ సాంతాయన వంటి ప్రసిద్ధులు ఆయన గురువులు. ఏ విషయాన్నీ వెంటనే నమ్మకుండా అటూ ఇటూ తరచి చూడడం ఆయనకు అక్కడే అలవడింది. తత్త్వశాస్త్రంలోనే ఉండిపోవాలని ఆయన కోరిక. కాని కుటుంబం ఆయనను న్యాయశాస్త్రం వైపు నడిపించింది. 1893లో పట్టం పుచ్చుకొని, అదే విశ్వవిద్యాలయపు లా స్కూలులో చేరి 1896లో చదువు పూర్తిచేశాడు. అక్కడ ఆయనను ఎక్కువగా ప్రభావితం చేసిన ఆచార్యుడు జేమ్స్ బ్రాడ్లీ థేయర్. ప్రజలు ఎన్నుకొన్న శాసనసభ చేసిన చట్టాన్ని న్యాయమూర్తులు తమకు నచ్చలేదన్న కారణంతో కొట్టివేయరాదని థేయర్ బోధించేవాడు. ఈ పాఠాన్ని హ్యాండ్ జీవితాంతం గుర్తుంచుకొన్నాడు.

చదువు ముగిశాక ఆయన ఆల్బనీలో న్యాయవాద వృత్తి ప్రారంభించాడు. 1902లో ఫ్రాన్సిస్ ఫింక్‌ను వివాహమాడాడు. అదే సంవత్సరం న్యూయార్క్ నగరానికి మకాం మార్చాడు. వారికి ముగ్గురు కుమార్తెలు కలిగారు. వృత్తిలో మాత్రం ఆయన అంతగా రాణించలేదు. కక్షిదారులను ఆకర్షించే నేర్పు తనకు లేదని ఆయనే అనుకొనేవాడు. అయితే చదవడం, రాయడం మానలేదు. రొట్టెల కార్ఖానాల్లో పనివారిచేత రోజుకు పది గంటలకు మించి పని చేయించరాదని న్యూయార్క్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. దాన్ని 1905లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఈ ధోరణి సరికాదని వాదిస్తూ 1908లో హ్యాండ్ ఒక వ్యాసం ప్రకటించాడు. పనిగంటలు ఎన్ని ఉండాలో నిర్ణయించవలసింది ప్రజాప్రతినిధులే కాని న్యాయమూర్తులు కారని దాని సారాంశం. ఆ వ్యాసంతో ఆయన ఆలోచనాపరుడని న్యాయవాదుల్లో పేరు వచ్చింది.

1909లో అధ్యక్షుడు టాఫ్ట్ ఆయనను న్యూయార్క్ దక్షిణ జిల్లా ఫెడరల్ న్యాయస్థానానికి న్యాయమూర్తిగా నియమించాడు. అప్పటికి హ్యాండ్ వయసు ముప్పై ఏడేళ్లు. అమెరికాలో రెండు రకాల న్యాయస్థానాలు పక్కపక్కనే పనిచేస్తాయి. రాష్ట్రాలకు వారి వారి కోర్టులు ఉంటాయి. దేశం మొత్తానికి సంబంధించిన చట్టాల మీద వచ్చే వ్యాజ్యాలను ఫెడరల్ కోర్టులు వింటాయి. వీటిలో అడుగుమెట్టు జిల్లా న్యాయస్థానం. సాక్షులను విచారించేది, దస్తావేజులు పరిశీలించేది అక్కడే. దాని మీద అప్పీలు కోర్టు, ఆ పైన సుప్రీంకోర్టు ఉంటాయి. ఫెడరల్ న్యాయమూర్తులను దేశాధ్యక్షుడు సెనేట్ అంగీకారంతో నియమిస్తాడు. సత్ప్రవర్తనతో ఉన్నంతకాలం వారిని ఎవరూ తొలగించలేరు. కాని కింది కోర్టు నుంచి పై కోర్టుకు పోవాలంటే మళ్లీ అధ్యక్షుడి దయ కావలసిందే. ఈ సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి. తరువాతి కథకు ఇదే కీలకం.

న్యూయార్క్ గొప్ప ఓడరేవు, పెద్ద వ్యాపారకేంద్రం. అందువల్ల అక్కడి జిల్లా న్యాయస్థానానికి రకరకాల తగవులు వచ్చేవి. ఓడలు ఒకదాన్నొకటి ఢీకొన్న వ్యాజ్యాలు, దివాలా తీసిన వర్తకుల లెక్కలు, కొత్త యంత్రాల మీద పేటెంటు హక్కులు, సుంకాల వివాదాలు, పౌరసత్వం కోరే వలసదారుల అర్జీలు ఆయన ముందుకు వచ్చేవి. ఒకనాడు లంగరు గొలుసు గురించి, మరునాడు రసాయనాల గురించి తెలుసుకోవలసి వచ్చేది. హ్యాండ్ ఈ పనిని ఇష్టపడి చేశాడు. తీర్పులను తన చేతితో రాసి, కొట్టివేసి, తిరిగి రాసేవాడు. ఒకే విషయాన్ని ఎన్నిసార్లు ఆలోచించినా ఇంకా ఏదో మిగిలిపోయిందన్న సందేహం ఆయనను వెంటాడేది. ఆ సందేహమే ఆయన తీర్పులకు బలం అయింది.

1911లో వచ్చిన ఒక వ్యాజ్యం అడ్రినలిన్ అనే మందుకు సంబంధించినది. జంతువుల మూత్రపిండాల పైన ఉండే గ్రంథుల నుంచి ఆ పదార్థాన్ని శుద్ధంగా వేరుచేసి, జపాను దేశస్థుడైన తకమీనె జోకిచీ అమెరికాలో పేటెంటు పొందాడు. ప్రకృతిలో ఉన్న పదార్థానికి పేటెంటు ఏమిటని ఎదుటిపక్షం వాదించింది. వేరుచేసి శుద్ధిచేసిన తరువాత అది వైద్యానికి పనికివచ్చే కొత్త వస్తువు అయిందని హ్యాండ్ తీర్పు చెప్పాడు. అదే తీర్పులో ఆయన ఒక సంగతి దాచకుండా ఒప్పుకొన్నాడు. రసాయనశాస్త్రంలో ఓనమాలు కూడా రాని న్యాయమూర్తి ఇలాంటి విషయాలు తేల్చవలసి రావడం వింతగా ఉందని, శాస్త్రజ్ఞుల సహాయం తీసుకొనే ఏర్పాటు ఉండాలని రాశాడు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి ఆయన సిగ్గుపడలేదు. ఆ తీర్పు వంద సంవత్సరాలు చర్చలో ఉంది. 2013లో అమెరికా సుప్రీంకోర్టు, ప్రకృతిలో ఉన్న జన్యువును వేరుచేసినంత మాత్రాన దానికి పేటెంటు ఇవ్వరాదని నిర్ణయించింది.

1913లో ఒక నవల అశ్లీలంగా ఉందన్న ఆరోపణతో దాని ప్రచురణకర్త మీద కేసు వచ్చింది. పసివారి మనసు చెడగొట్టగలిగినది ఏదైనా అశ్లీలమేనని ఇంగ్లండులో 1868లో ఏర్పడిన సూత్రాన్ని అమెరికా కోర్టులు కూడా పాటించేవి. కింది కోర్టు న్యాయమూర్తిగా హ్యాండ్ ఆ సూత్రాన్ని తోసివేయలేకపోయాడు. కేసు విచారణకు వెళ్లవలసిందేనని చెప్పాడు. అయినా ఆ సూత్రం కాలానికి తగదని, దాన్ని అనుసరిస్తే సాహిత్యమంతా పిల్లల పుస్తకాల స్థాయికి దిగజారుతుందని తన అభిప్రాయం తీర్పులోనే రాశాడు. మరుసటి సంవత్సరం జ్యూరీ ఆ ప్రచురణకర్తను నిర్దోషిగా విడిచిపెట్టింది. పై కోర్టుల సూత్రానికి లోబడి ఉండడం, దానిలోని లోపాన్ని నిర్భయంగా చూపడం — ఈ రెండూ ఒకే తీర్పులో చేయవచ్చునని ఆయన నిరూపించాడు.

అయితే ఆ రోజుల్లో ఆయన ఒక పొరపాటు కూడా చేశాడు. 1912లో మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ స్థాపించిన కొత్త పార్టీని ఆయన సమర్థించాడు. మరుసటి ఏడు, ఫెడరల్ న్యాయమూర్తిగా ఉంటూనే, ఆ పార్టీ తరఫున రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానపు ప్రధాన న్యాయమూర్తి పదవికి పోటీచేశాడు. ప్రచారం చేయకపోయినా పేరు మాత్రం ఓటుపత్రాల మీద ఉంది. ఆయన ఓడిపోయాడు. న్యాయమూర్తి రాజకీయాలకు దూరంగా ఉండవలసిందని ఆయన తరువాత గ్రహించాడు. తనను నియమించిన టాఫ్ట్‌కు ఎదురుగా నిలిచిన పార్టీతో చేతులు కలిపినందుకు టాఫ్ట్ ఆయనను మరచిపోలేదు.

1914లో ఐరోపాలో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. 1917 ఏప్రిల్ 6న అమెరికా కూడా అందులో దిగింది. యువకులను నిర్బంధంగా సైన్యంలో చేర్చుకోవడానికి చట్టం వచ్చింది. జూన్ 15న గూఢచర్య చట్టం అమలులోకి వచ్చింది. పేరుకు అది గూఢచారుల గురించిన చట్టం. కాని యుద్ధానికి భంగం కలిగించే తప్పుడు వార్తలు రాసినా, సైనికుల్లో అవిధేయత కలిగించినా, సైన్యంలో చేరికను అడ్డుకొన్నా ఇరవై ఏళ్ల వరకు జైలుశిక్ష వేయవచ్చునని అందులో ఉంది. అటువంటి రాతలను తపాలాలో పంపరాదని కూడా ఉంది. దేశమంతా యుద్ధావేశంతో ఊగిపోతున్న కాలమది. యుద్ధం వద్దన్నవాడు ద్రోహి. జర్మన్ భాష మాట్లాడేవాడు అనుమానితుడు. ఆ చట్టం కిందా, 1918లో దానికి చేసిన సవరణ కిందా సుమారు రెండు వేల మంది మీద కేసులు నడిచాయి.

న్యూయార్క్ నుంచి ది మాసెస్ అనే మాసపత్రిక వెలువడేది. ఆ పేరుకు సామాన్య జనం అని అర్థం. మాక్స్ ఈస్ట్‌మన్ దాని సంపాదకుడు. ఆ పత్రికవారు సామ్యవాదులు. ఈ యుద్ధం ధనికుల లాభం కోసమేనని వారి నమ్మకం. 1917 ఆగస్టు సంచికను తపాలాలో తీసుకోబోమని న్యూయార్క్ పోస్ట్‌మాస్టర్ చెప్పాడు. కారణం అడిగితే నాలుగు వ్యంగ్యచిత్రాలు, నాలుగు రచనలు చూపించారు. ఒక బొమ్మలో స్వాతంత్ర్యానికి గుర్తుగా అమెరికన్లు భావించే గంట ముక్కలై పడి ఉంది. నిర్బంధ సైనికసేవను ఎదిరించి జైలుకు వెళ్లినవారిని మెచ్చుకొంటూ ఒక పద్యం ఉంది. పత్రిక తపాలాలో వెళ్లకపోతే దూరప్రాంతాల చందాదారులకు చేరదు. చేరకపోతే పత్రిక బతకదు. పత్రికవారు కోర్టుకు వెళ్లారు. వ్యాజ్యం హ్యాండ్ ముందుకు వచ్చింది.

సరిగ్గా అదే సమయంలో అప్పీలు కోర్టులో ఒక న్యాయమూర్తి స్థానానికి హ్యాండ్ పేరు పరిశీలనలో ఉంది. నియామకం ప్రభుత్వం చేతిలోనిది. ఎదుటి కక్షి కూడా ప్రభుత్వమే. పత్రిక పక్షాన తీర్పు ఇస్తే ఆ పదవి చేజారుతుందని ఆయనకు బాగా తెలుసు. తెలిసి కూడా, ఆ ఆలోచన తన తీర్పులో ఏ మూలనూ తొంగిచూడకుండా రాయాలన్నదే తన ఆరాటమని భార్యకు ఉత్తరంలో తెలిపాడు. ఆయన ఆ పత్రిక అభిప్రాయాలతో ఏకీభవించినవాడు కాడు. ఆయన యుద్ధాన్ని సమర్థించాడు. తనకు నచ్చని మాటలు రాసినవారికి న్యాయం చేయవలసిన పరీక్ష ఆయనకు ఎదురైంది.

జూలై 24న హ్యాండ్ తీర్పు వెలువడింది. ఆ పత్రికను తపాలాలో తీసుకోవాలని ఆయన పోస్ట్‌మాస్టర్‌ను ఆదేశించాడు. ఆయన తర్కం ఇలా సాగింది. యుద్ధకాలంలో ఎంతటి కఠిన చట్టం చేయవచ్చునన్న ప్రశ్న జోలికి ఆయన పోలేదు. శాసనసభ చేసిన ఈ చట్టంలో నిజంగా ఏమున్నదన్నదే ఆయన వేసుకొన్న ప్రశ్న. తప్పుడు వార్తలు రాయడం నేరమని చట్టం అంటున్నది. వ్యంగ్యచిత్రం వార్త కాదు, అభిప్రాయం. అవిధేయత కలిగించడం నేరమని చట్టం అంటున్నది. ప్రభుత్వాన్ని గట్టిగా విమర్శించే ప్రతి మాటా వినేవారిలో కొంత అసంతృప్తి పుట్టిస్తుంది. ఆ అసంతృప్తి ఎప్పుడో అవిధేయతగా మారవచ్చునని మాటనే నేరం చేస్తే, విమర్శ అనేదే మిగలదు. విమర్శించే స్వేచ్ఛ ప్రజాప్రభుత్వానికి ప్రాణం. దాన్ని తీసివేయాలని శాసనసభ నిజంగా అనుకొంటే ఆ సంగతి స్పష్టంగా చెప్పి ఉండేది.

మరి గీత ఎక్కడ గీయాలి? చట్టాన్ని ధిక్కరించడం మీ విధి, లేదా మీకు మేలు అని ఇతరులకు నేరుగా నూరిపోసే మాట నేరం. అంతకు తక్కువైనది ఎంత ఘాటుగా ఉన్నా నేరం కాదు. జైలుకు వెళ్లినవారిని మెచ్చుకోవడం వేరు, మీరు కూడా చట్టం తప్పండి అని చెప్పడం వేరు. వినేవారు ఏమి చేస్తారో అని ఊహాగానాలు చేయకుండా, పలికిన మాటలనే పట్టి చూడాలని ఆయన నిర్ణయం. అధికారుల అనుమానానికీ జ్యూరీల ఆవేశానికీ చోటులేని కొలత ఒకటి కావాలని ఆయన భావించాడు.

ఆ తీర్పు నిలవలేదు. రెండు మూడు రోజుల్లోనే అప్పీలు కోర్టు న్యాయమూర్తి ఒకరు దాని అమలును నిలిపివేశారు. ఈలోగా తపాలాశాఖ మరొక ఎత్తు వేసింది. క్రమంగా వెలువడే పత్రికలకు తక్కువ తపాలా రేటు ఉండేది. ఆగస్టు సంచిక తపాలాలో పోలేదు కనుక ఇది క్రమంగా వచ్చే పత్రిక కాదని ఆ సౌకర్యం తొలగించింది. ఆ సంచికను పోనివ్వకుండా ఆపింది తపాలాశాఖే. నవంబరులో అప్పీలు కోర్టు హ్యాండ్ తీర్పును పూర్తిగా రద్దుచేసింది. మాటల సహజ ఫలితం చట్టభంగమైతే చాలు, నేరుగా ప్రేరేపించి ఉండనక్కరలేదని చెప్పింది. ఆ సంవత్సరాంతానికి పత్రిక మూతపడింది. 1918లో దాని సంపాదకుల మీద రెండుసార్లు విచారణ జరిగింది. రెండుసార్లూ జ్యూరీ సభ్యులు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. పత్రికవారు జైలు తప్పించుకొన్నారు.

హ్యాండ్ అనుకొన్నదే జరిగింది. అప్పీలు కోర్టు స్థానం ఆయనకు దక్కలేదు. 1918లో ఆ కోర్టుకు మార్టిన్ మాంటన్ అనే న్యాయమూర్తి నియమితుడయ్యాడు. సాటి న్యాయమూర్తులు కూడా చాలామంది హ్యాండ్ తర్కాన్ని అంగీకరించలేదు. ఆయన కుంగిపోయినా తన మాట వెనక్కు తీసుకోలేదు. ఆ ఏడాది జూన్‌లో రైలు ప్రయాణంలో ఆయనకు సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్ కలిశాడు. హోమ్స్ అప్పటికే డెబ్బై ఏడేళ్ల వృద్ధుడు. మనం నమ్మినది తప్పు కావచ్చు గనుక ఎదుటివారి మాటను సహించాలని హ్యాండ్ ఆయనతో వాదించాడు. తరువాత ఉత్తరాల్లోనూ ఆ చర్చ సాగించాడు. హోమ్స్ వెంటనే ఒప్పుకోలేదు. 1919 మార్చిలో యుద్ధాన్ని విమర్శించినవారి శిక్షలను సమర్థిస్తూ ఆయనే తీర్పులు రాశాడు. సామ్యవాద నాయకుడు యూజీన్ డెబ్స్‌కు ఒక ఉపన్యాసం చేసినందుకు పడిన పదేళ్ల శిక్ష అలాగే నిలిచింది. కాని అదే సంవత్సరం నవంబరులో హోమ్స్ అభిప్రాయం మారింది. భావాల స్వేచ్ఛను సమర్థిస్తూ ఆయన రాసిన భిన్నాభిప్రాయం ప్రసిద్ధమైంది. ఆ మార్పుకు దోహదం చేసినవారిలో హ్యాండ్ ఒకడని చరిత్రకారులు చెబుతారు.

హ్యాండ్ అదే జిల్లా న్యాయస్థానంలో మరి ఏడేళ్లు పనిచేశాడు. 1921లో ఆస్పిరిన్ అనే పేరు ఎవరిదన్న వ్యాజ్యం ఆయన ముందుకు వచ్చింది. బేయర్ కంపెనీ ఆ పేరు తనదేనన్నది. హ్యాండ్ ప్రశ్న సరళమైనది. ఆ మాట వినగానే కొనేవారికి ఏమి తోస్తుంది? సామాన్యులకు ఆస్పిరిన్ అంటే ఒక మందు పేరు మాత్రమే, దాన్ని ఎవరు తయారుచేశారో వారికి పట్టదు. కనుక ప్రజలకు అమ్మేటప్పుడు ఆ పేరు ఎవరైనా వాడవచ్చునని, వైద్యులకు, మందుల వర్తకులకు అమ్మేటప్పుడు మాత్రం అది బేయర్‌దేనని ఆయన తీర్పు చెప్పాడు. మన ఇళ్లలో వనస్పతిని డాల్డా అనీ, నకలు తీయడాన్ని జిరాక్స్ అనీ అనడం ఇటువంటిదే. మాట అర్థాన్ని నిర్ణయించేది దాన్ని వాడే జనమేనని ఆయన గ్రహించాడు. పత్రిక కేసులోనూ, ఈ కేసులోనూ ఆయన చేసిన పని ఒకటే. మాటలకు లేని అర్థం అంటగట్టకుండా, ఉన్న అర్థాన్ని పట్టుకోవడం.

1924లో అధ్యక్షుడు కూలిజ్ ఆయనను అప్పీలు కోర్టుకు నియమించాడు. పదిహేనేళ్ల విచారణ న్యాయస్థాన జీవితం అక్కడితో ముగిసింది. ఆ కోర్టులో ఆయనకంటె ముందు చేరిన మాంటన్, కాలక్రమంలో అందరికంటె సీనియర్ న్యాయమూర్తి అయ్యాడు. 1939లో కక్షిదారుల నుంచి లంచాలు తీసుకొన్నాడని బయటపడి పదవి వదులుకొన్నాడు. ఆయనకు రెండేళ్ల జైలుశిక్ష పడింది. ఆ కోర్టు పరువు మంటగలిసిన సమయంలో దాని బాధ్యత హ్యాండ్ మీద పడింది. ఆయన పెద్దరికంలో అది దేశంలోని గొప్ప న్యాయస్థానాల్లో ఒకటిగా తిరిగి పేరు తెచ్చుకొంది.

అక్కడ ఆయన చెప్పిన తీర్పుల్లో ఒకటి మనకు కూడా ఉపయోగపడే నీతి చెబుతుంది. 1928లో తుపానుగాలికి బొగ్గు పడవలు రెండు మునిగాయి. వాటిని లాగుతున్న నౌకల్లో వాతావరణ హెచ్చరికలు వినడానికి పనిచేసే రేడియోలు లేవు. అప్పట్లో అందరూ రేడియో పెట్టుకోవడం లేదని నౌకల యజమానులు వాదించారు. అందరూ అజాగ్రత్తగా ఉన్నంత మాత్రాన అది జాగ్రత్త అనిపించుకోదని 1932లో హ్యాండ్ తీర్పు ఇచ్చాడు.

సుప్రీంకోర్టుకు ఆయన పేరు ఒకటికి రెండుసార్లు వినబడింది. 1922లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి టాఫ్ట్ వద్దన్నాడు. 1943లో వయసు మీరిందని అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మరొకరిని నియమించాడు. ఆ నియమితుడు ఆరేళ్లకే మరణించాడు. హ్యాండ్ ఇంకా పద్దెనిమిదేళ్లు జీవించాడు. 1944 మే 21న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో లక్షల మంది ముందు, కొత్తగా పౌరసత్వం పొందిన వేలాదిమందిని ఉద్దేశించి ఆయన ప్రసంగించాడు. స్వేచ్ఛ కాగితాల మీద కాదు, మనుషుల మనసుల్లో ఉండాలని, తానే సరియైనవాడినన్న గట్టి నమ్మకం లేకపోవడమే స్వేచ్ఛకు పునాది అని ఆ ప్రసంగ సారాంశం. న్యాయవాదులకు మాత్రమే తెలిసిన ఆయన పేరు ఆ ఉపన్యాసంతో దేశమంతా పాకింది.

ఆయన జీవితంలో విమర్శకు గురైన ఘట్టం కూడా ఉంది. 1950లో కమ్యూనిస్టు పార్టీ నాయకులకు పడిన శిక్షలను ఆయన సమర్థించాడు. ప్రమాదం ఎంత పెద్దది, అది సంభవించే అవకాశం ఎంత అన్నది తూచి చూడాలని ఆ తీర్పులో సూత్రీకరించాడు. 1917లో తాను గీసిన గీతను ఆయన ఇక్కడ వాడలేదు. సుప్రీంకోర్టు అప్పటికి వేరే సూత్రాన్ని స్థిరపరచింది గనుక కింది న్యాయమూర్తిగా దానికి లోబడ్డాడని కొందరు అంటారు. లోబడి కూడా మరొక విధంగా చెప్పి ఉండవచ్చునని మరికొందరు అంటారు. గొప్పవారి జీవితాన్ని చదివేటప్పుడు ఈ రెండు మాటలూ మనం వినాలి.

మన దేశంతోనూ ఆయనకు ఒక చిన్న సంబంధం ఉంది. మంగళూరుకు చెందిన బెనెగల్ నర్సింగరావు మన రాజ్యాంగసభకు సలహాదారు. 1947లో ఆయన అమెరికా వెళ్లి అక్కడి న్యాయకోవిదులను సంప్రదించాడు. వారిలో హ్యాండ్ ఒకడు. ప్రాథమిక హక్కులను కోర్టుల ద్వారా అమలయ్యే నిబంధనలుగా కాక, నైతిక సూత్రాలుగా ఉంచితే మేలని హ్యాండ్ అభిప్రాయపడ్డాడు. మన రాజ్యాంగ నిర్మాతలు ఆ సలహాను స్వీకరించలేదు. హక్కుకు భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే వీలును 32వ అధికరణంలో కల్పించారు. పెద్దల సలహా వినడం, విని తమ దేశానికి తగినది తామే నిర్ణయించుకోవడం, రెండూ వివేకమే.

1951లో ఆయన పూర్తికాలపు విధుల నుంచి తప్పుకొన్నాడు. అయినా చివరివరకు కేసులు వింటూనే ఉన్నాడు. 1961 ఆగస్టు 18న న్యూయార్క్‌లో తన ఎనభై తొమ్మిదో ఏట కన్నుమూశాడు. ఆయన న్యాయమూర్తిగా ఉన్నది యాభై రెండు సంవత్సరాలు. ఆయన మరణించిన ఎనిమిదేళ్లకు, 1969లో, అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. వెంటనే చట్టభంగం జరిగేలా నేరుగా ప్రేరేపించి, అది జరిగే అవకాశం కూడా ఉంటే తప్ప మాటను శిక్షించరాదని నిర్ణయించింది. నేరుగా ప్రేరేపించడం అన్న ఆ కొలత 1917లో హ్యాండ్ చెప్పినదే. 2015లో మన సుప్రీంకోర్టు కూడా చర్చ, సమర్థన, ప్రేరేపణ అనే మూడింటిని వేరుచేసి, మొదటి రెండూ ఎంత అప్రియమైనా వాక్‌స్వాతంత్ర్యంలోనివేనని చెప్పింది.

1917 జూలైలో హ్యాండ్‌కు ఇవేవీ తెలియవు. తన తీర్పు నిలుస్తుందన్న ఆశ లేదు. పదవి పోతుందన్న ఎరుక ఉంది. ఎదుట ఉన్నది తనకు నచ్చని రాతలు రాసిన ఒక చిన్న పత్రిక. అయినా చట్టంలో ఉన్నది ఉన్నట్టు చదివాడు, తోచింది తోచినట్టు చెప్పాడు. గెలుపు కోసం కాక, చేయవలసిన పని గనుక చేసిన పనికి కాలం ఎప్పుడో ఒకప్పుడు విలువ కడుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

వ్యాజ్యం = కోర్టులో వేసిన దావా
కక్షిదారు = దావాలో ఒక పక్షం మనిషి
కాకతాళీయం = అనుకోకుండా జరిగినది
భిన్నాభిప్రాయం = ఎక్కువమంది న్యాయమూర్తుల నిర్ణయంతో ఏకీభవించక రాసిన అభిప్రాయం
ప్రేరేపణ = పురికొల్పడం

అభ్యాసం

1. జిల్లా న్యాయస్థానంలో హ్యాండ్ ఎదుటికి ఎలాంటి తగవులు వచ్చేవి?
2. ది మాసెస్ పత్రికను తపాలాలో తీసుకోకపోవడానికి అధికారులు చూపిన కారణాలేవి? హ్యాండ్ వాటిని ఎలా పరిశీలించాడు?
3. మెచ్చుకోవడానికీ ప్రేరేపించడానికీ ఉన్న భేదాన్ని మీ సొంత ఉదాహరణతో వివరించండి.
4. ఆస్పిరిన్ వ్యాజ్యానికీ పత్రిక వ్యాజ్యానికీ ఉన్న పోలిక ఏమిటి?
5. 1950 నాటి తీర్పు గురించి మీ తరగతిలో రెండు పక్షాలుగా చర్చించండి.
6. మీ ఊరిలో తెలుగువారు వాడే మాటల్లో, ఒక కంపెనీ పేరే వస్తువు పేరుగా మారినవి సేకరించి రాయండి.